బోల్టు మీద ఎర్రగీత

షెడ్డు మేస్త్రి బానెట్ ఎత్తలేదు. కనీసం దాని మీద చెయ్యయినా వెయ్యలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి, ప్రాణం పోయిన మనిషిని చూసే డాక్టరులా తల అడ్డంగా ఊపి తీర్పు చెప్పేశాడు.

"మార్చెయ్యడమేనమ్మా. ఈ ఇంజన్ పనికిరాదు. క్రాంకు గీతలు పడిపోయుంటుంది, బేరింగులు కరిగిపోయుంటాయి. విప్పి బాగుచేయించే కంటే వేరేది పెట్టించుకోవడం మేలు. నా దగ్గర ఒకటుంది. మీ ఆయన మొహం చూసి ఊరికే బిగించిస్తాను. పాతది తుక్కు బండికి ఎత్తేద్దాం. సాయంత్రం వస్తాడు వాడు."

'ఊరికే' అన్న మాట వినగానే పక్కనున్న డిటెక్టివ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. షెడ్డు మేస్త్రులు దగ్గు కూడా ఊరికే దగ్గరని ఆయన నమ్మకం.

ఆయన్ని అందరూ జిడ్డు అంటారు. ఎదురుగా ఉంటే జిడ్డుగారు అంటారు, అంతే తేడా. ఉద్యోగమున్నన్నాళ్లూ పోలీసు జీపుల కింద పడుకుని పానాలు తిప్పాడు. రిటైరయ్యాక మనుషుల్ని పట్టుకుని ప్రశ్నలు తిప్పుతున్నాడు. ఒక దొంగ ఈయన ప్రశ్నలకు తట్టుకోలేక తాను చెయ్యని దొంగతనం కూడా ఒప్పేసుకున్నాడట. తీరా ఆరా తీస్తే అదీ వాడే చేశాడనీ, పాపం మర్చిపోయాడనీ తేలిందట. ఎంతవరకు నిజమో చెప్పలేం గానీ, జిడ్డు మాత్రం ఈ కథను ఇంతవరకు ఎవరి దగ్గరా ఖండించలేదు.

ఈవేళ ఆయన మొహంలో ఆ వేళాకోళం లేదు. రేకుల కప్పు మీద వాన ఒకటే పోత. పాత టైరు మీద కూర్చున్న ఆడమనిషి మొహం ఆ వాన కంటే మబ్బుగా ఉంది.

ఆమె భర్త అద్దె కారు నడిపేవాడు. పోయిన వారం కొండదారి మలుపులో నడుస్తున్న ఇంజన్ ఉన్నట్టుండి పట్టేసింది, బిగుసుకుపోయి ఆగింది. ఏమైందో చూద్దామని దిగాడు. పొగమంచులో ఎదురుగా వచ్చిన లారీ అతన్ని ఈడ్చుకుపోయింది. లారీ డ్రైవరు పారిపోలేదు. తనే స్టేషనుకొచ్చి కూలబడ్డాడు. మంచులో మనిషి కనబడలేదన్నాడు, అది నిజమే. మరి నున్నగా నడిచే ఇంజన్ అక్కడెందుకు ఆగింది? దానికి ఇన్స్పెక్టరు టీ చల్లారేలోపు జవాబు పట్టేశాడు. చచ్చినవాడి తమ్ముడు మెకానిక్కు. చివరిసారి బండికి నూనె మార్చింది వాడే. పాతది తీసేసి కొత్తది పొయ్యకుండా బండి అప్పగించాడని, అన్న మీద కక్షతోనే చేశాడని లాకప్పులో వేశాడు. సాయంత్రం కోర్టుకు పంపబోతున్నాడు.

తెల్లారకముందే ఈ ఆడమనిషి, ఆ తమ్ముడి వదిన, వచ్చి జిడ్డు తలుపు కొట్టింది. "నా మరిది అలాంటివాడు కాదు బాబాయ్. చిన్నప్పటి నుంచి నేనే పెంచాను. ఏం చేస్తారో నాకు తెలియదు, వాణ్ణి బయటికి తీసుకురండి" అంది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక అయిపోయినవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడింది.

అదీ సంగతి. మళ్లీ షెడ్డులోకి వద్దాం.

"మేస్త్రీ, ఈ ఇంజన్ విప్పావా?" అన్నాడు జిడ్డు.

"లేదండి."

"నూనె కొలిచే కడ్డీ అయినా లాగి చూశావా?"

"లేదండి."

"మరి క్రాంకు గీతలు పడ్డట్టు కలొచ్చిందా?"

"అనుభవమండీ."

"మూసిన బానెట్ లోంచి చూసే అనుభవం ఉన్నవాడికి కళ్లెందుకయ్యా, ఎవరికైనా అద్దెకిచ్చుకో. సరే, ఇంతకు ముందు దీన్ని విప్పి పని చేసిందెవరు?"

మేస్త్రి మెడ తుడుచుకున్నాడు. చలిగానే ఉంది, అయినా తుడుచుకున్నాడు.

"నేనే. పోయిన వేసవిలో."

"నీ చేత్తో చేసిన పనిని నువ్వే విప్పడానికి జంకుతున్నావంటే ఏమనుకోవాలి?"

జిడ్డు చూపు గోడ మీదికి పోయింది. అక్కడ వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో పసుపురంగు గుడ్డ. అన్నీ ఒకే కొలత, అన్నీ కుట్టు వేసినవే.

"ఇదేమిటి, షెడ్డుకు అలంకారమా?"

"ఇంజన్ విప్పినప్పుడు కన్నాల్లో కుక్కే గుడ్డలండీ. లోపల దుమ్మూ ధూళీ పడకుండా. మా గురువుగారు ఒకసారి ఓ గుడ్డ లోపలే మర్చిపోయి మూత వేశాడు. అది పోయి ఆయిల్ పంపు జాలీకి అతుక్కుంది. నూనె పైకెక్కలేదు, ఇంజన్ పట్టేసింది. అప్పట్నుంచి మా దగ్గర పసుపుదే వాడతాం, కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుందని. కొక్కేలన్నీ నిండితేనే మూత బిగిస్తాం." మేస్త్రి ఒక కొక్కేన్ని వేలితో తట్టాడు. "ఈ బండి పని చేసిన రోజుల్లో ఒక కొక్కెం ఖాళీగా కనబడినట్టు గుర్తండీ. తర్వాత గుడ్డ దొరికిందో, కొత్తది తగిలించానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. వారం నుంచి నిద్ర లేదు."

టైరు మీద కూర్చున్న ఆమె నిద్ర అన్న మాటకు తలెత్తింది. మళ్లీ దించుకుంది.

"అందుకా ఊరికే ఇంజన్!" అన్నాడు జిడ్డు.

అంతలో జీపు చప్పుడైంది. ఇన్స్పెక్టరు గొడుగు దులుపుతూ వచ్చాడు. జిడ్డును చూడగానే నవ్వాడు, పెదాలతో మాత్రమే.

"ఓహో, జిడ్డుగారు! పానా వదిలి పరిశోధన పట్టారని విన్నాను. జీపు చక్రాలు ఊడిపోకుండా చూడ్డమే కష్టంగా ఉండేది కదండీ మీకు?"

"చక్రాలు ఊడేవి కావు బాబూ. మీరు జీపును గోడలకు గుద్దేవారు. రిపోర్టులో మాత్రం గోడే అడ్డొచ్చిందని రాసేవారు."

జీపు పక్కన నిలబడ్డ కానిస్టేబులు వానలోకి తిరిగి దగ్గాడు.

"సరదాలు తర్వాత," అన్నాడు ఇన్స్పెక్టరు. "అమ్మా, బండి విడుదల చేశాం. ఇంజన్ మార్పించుకుంటారో, తగలేసుకుంటారో మీ ఇష్టం. మా పని అయిపోయింది."

"ఇంజన్ చూడకుండానే అయిపోయిందా?" అన్నాడు జిడ్డు.

"చూడ్డానికేముంది? అన్నదమ్ములు దెబ్బలాడుకున్నారు. 'ఏదో ఒకరోజు ఈ బండే నిన్ను మింగేస్తుంది' అని తమ్ముడు అరిచాడు. పక్కింటివాళ్లు విన్నారు."

ఆమె నేల చూపులు చూస్తూనే అంది. "అది బెదిరింపు కాదండీ, భయం. ఆయన రాత్రీ పగలూ బండి మీదే ఉండేవాడు. రెండుసార్లు స్టీరింగ్ మీదే కునుకు పట్టింది. 'రాత్రిళ్లు నేను నడుపుతాను, నువ్వు పడుకో' అన్నాడు మా మరిది. ఈయన విన్లేదు. దాని మీదే గొడవ."

"మీరు అలాగే అంటారమ్మా, పెంచారు కాబట్టి."

జిడ్డు బానెట్ ఎత్తాడు. కడ్డీ లాగి, తుడిచి, మళ్లీ దించి, లాగి ఇన్స్పెక్టరు ముక్కు కింద పెట్టాడు. నూనె పై గీత దాకా ఉంది.

"నూనె పొయ్యలేదన్నారు?"

ఇన్స్పెక్టరు ఒక్క క్షణమే తడబడ్డాడు. "బండి వారం నుంచి షెడ్డులో ఉంది. ఎవరైనా తర్వాత పోసి ఉండొచ్చు."

తెలివిలేనివాడు కాదు. తొందరెక్కువ, అంతే.

జిడ్డు లోపలికి వంగాడు. బాటరీ బిగింపు మీద, ఆయిల్ ఫిల్టరు అంచున, బెల్టు నట్టు మీద ఎర్రటి మచ్చలు కనబడ్డాయి. లావుగా, అడ్డదిడ్డంగా, గోడకు సున్నం విసిరినట్టున్నాయి.

"ఇదేమిటమ్మా?"

"నా గోళ్ళరంగు బాబాయ్. వాడు ఏది బిగించినా దాని మీద నుంచి పక్కదాకా ఒక గీత గీస్తాడు. మళ్లీ ఎవరైనా విప్పితే ఆ గీత తెగి తెలిసిపోతుందంటాడు. సీసాలో అడుగున మిగిలిందంతా వాడికే."

జిడ్డు కళ్లు మెరిశాయి. బండి, కింద పని చెయ్యడానికి తవ్విన గొయ్యి మీదే ఉంది. ఆ వయసులో అంత చురుగ్గా గోతిలోకి దిగినవాణ్ణి ఆ షెడ్డు ఎప్పుడూ చూడలేదు. టార్చి వేశాడు. ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి ఉంటుంది, దాన్ని షెడ్డువాళ్లు చాంబర్ అంటారు. దాని కింద నూనె వదిలే బోల్టు ఒక్కటే. బోల్టు తల మీద నుంచి చాంబర్ మీదికి ఎర్రగీత. సన్నగా, ముచ్చటగా, ఎక్కడా తెగకుండా ఉంది.

"దిగండి బాబూ, మీ కళ్లతో మీరే చూడండి!"

ఇన్స్పెక్టరు బూట్లు బురదవుతాయని గొణుక్కుంటూ దిగి చూశాడు.

"గీత తెగలేదు కదా? అంటే గీత గీశాక ఈ బోల్టును ఎవరూ ముట్టుకోలేదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను. అయితే?"

"బోల్టు బిగించి, దాని మీద గీత గీసేంత శ్రద్ధ ఉన్నవాడు నూనె పొయ్యకుండా పోతాడా?"

"గీతను నేను కోర్టులో నిలబెట్టలేనండీ. ఇంజన్ ఎందుకు పట్టేసిందో చెప్పండి, వింటాను."

"విప్పితే చెబుతాను."

"బండి నాది కాదు, ఆమెది. ఆమె విప్పమంటే విప్పుకోండి. నాకు గంటకు మించి టైము లేదు."

"వద్దమ్మా, మార్చేద్దాం," అన్నాడు మేస్త్రి గాభరాగా. "ఊరికే ఇస్తానన్నాను కదా."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె వాన వైపే చూస్తూ అడిగింది.

"విప్పకుండా మార్చేస్తే వాడికేమవుతుంది బాబాయ్?"

"ఇంజన్ తుక్కులో కరిగిపోతుంది తల్లీ. ఇక వాడు కాదని ఎంత మొత్తుకున్నా వినే నాథుడుండడు."

"విప్పితే?"

"ఎందుకు పట్టేసిందో తెలుస్తుంది. ఎవరైనా చేసిందయితే, ఎవరు చేశారో కూడా తెలియొచ్చు."

ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు లోపలికి ముడుచుకుంది. బాగుచేయించే ఖర్చుకు భయపడుతోందనుకున్నాడు జిడ్డు. ఎంత పేరున్న డిటెక్టివ్ అయినా ఒక్కోసారి ఇలాగే, కళ్ల ముందున్నదాన్ని వదిలేసి పక్కదాన్ని చూస్తాడు.

"విప్పండి," అంది చివరికి.

బోల్టు తీశారు. నూనె బేసిన్‌లోకి దిగింది, వెండిపొడి కలిపినట్టు మెరుస్తూ. బేరింగులు అరిగిన పొడి అది. చాంబర్ చుట్టూ మట్టి గడ్డకట్టిన బోల్టులు మేస్త్రి ఒక్కొక్కటే విప్పాడు. ఆఖరి బోల్టు ఊడింది. చాంబర్ కిందికి దిగింది. జిడ్డు టార్చి పైకి ఎత్తాడు.

ఆయిల్ పంపు జాలీకి నల్లటి గుడ్డపేలిక ఒకటి చుట్టుకుని ఉంది.

మేస్త్రి గోతిలోనే కూలబడిపోయాడు. "నాదే! నా గుడ్డే! నేనే చంపానండీ ఆ మనిషిని!"

"అరవకు, ముందు చూడనియ్యి," అన్నాడు జిడ్డు.

పేలికను పటకారుతో లాగి బల్ల మీదికి తెచ్చి, పెట్రోలులో జాడించి, బల్బు కింద పరిచాడు. నలుపు పైపైనే ఉంది. మడతల లోపల గుడ్డ ఇంకా తెల్లగానే ఉంది. తెలుపు మీద చిన్న చిన్న నీలం పూలు.

"లేవయ్యా మేస్త్రీ. నీ గుడ్డలు పసుపు. ఇది పసుపూ కాదు, పోయిన వేసవిదీ కాదు. నెలల తరబడి నూనెలో ఉడికితే దారం దారంగా విడిపోయేది. ఇది లోపలికి వెళ్లి ఎన్నాళ్లో కాలేదు."

మేస్త్రి ఆ గుడ్డను ముట్టుకుని చూశాడు. తర్వాత గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. వారం రోజుల బరువు ఒక్కసారి దిగితే మగవాడైనా అంతే.

ఇన్స్పెక్టరు మాత్రం ముందుకు వంగాడు. ఈసారి తొందరపడలేదు.

"పొడవాటి పేలిక. వేలెడు వెడల్పు. లోపలికి ఎలా వెళ్లింది జిడ్డుగారూ? పైనుంచి నూనె పోసే చోట వెయ్యొచ్చా?"

"వెయ్యలేరు. మూత కింద అడ్డురేకు ఉంటుంది."

"మరి?"

జిడ్డు గోతి వైపు చూశాడు. చాంబర్ బోల్టుల మీది పాత మట్టి ఇందాక విప్పేదాకా చెదరలేదు కాబట్టి, మిగిలిన దారి ఒక్కటే. నూనె వదిలే బోల్టు కన్నం. అందులోంచి పేలికను తీగతో పైకి నెట్టి, మళ్లీ బోల్టు బిగించెయ్యొచ్చు.

"బోల్టు కన్నం లోంచే," అన్నాడు ఇన్స్పెక్టరు తనే. "గీత గీశాక ఆ బోల్టును ఎవరూ ముట్టుకోలేదని ఇందాక మీరే అన్నారు, నేను ఒప్పుకున్నాను. అంటే గుడ్డ కుక్కినవాడూ, గీత గీసినవాడూ ఒకడే. గీత ఎవరిదో ఈ అమ్మే చెప్పింది. నూనె పొయ్యలేదన్న ఒక్కదానితో హత్య నిలబడదని చిన్న సెక్షనే రాశాను. మీ పుణ్యమా అని ఇప్పుడది పక్కా హత్య. చాలా థాంక్సండీ."

జిడ్డు చేతిలోని పటకారు బల్ల మీద పెట్టేశాడు. వాణ్ణి బయటికి తెస్తానని వచ్చి, తన చేత్తోనే ఉరితాడు పేని ఇచ్చాడు.

మనిషి జిడ్డు కదా, వదల్లేదు. చాంబర్‌ను ఎత్తి బల్బు కిందికి తెచ్చాడు. బోల్టును దాని కన్నంలో మళ్లీ బిగించి చూశాడు. సన్నగీత రెండు ముక్కలూ కలిశాయి. అప్పుడు కనబడింది ఆయనకు, గోతి చీకట్లో కనబడనిది. బోల్టు తల మీద ఇంకో పక్క లావుపాటి ఎర్రమచ్చ సగం ఉంది. దాని మిగతా సగం చాంబర్ మీద ఉంది, కానీ ఎదురెదురుగా లేదు. పక్కకు జరిగిపోయింది.

లావు మచ్చ తమ్ముడిది. బాటరీ మీద ఉన్నట్టే, సున్నం విసిరినట్టు. అది తెగింది. అంటే వాడు బిగించి వెళ్లాక ఇంకెవరో బోల్టు విప్పారు. విప్పి, మళ్లీ బిగించి, వాడిలాగే గీత గీశారు. కానీ చెయ్యి వేరు. కుంచె అంచు అటూ ఇటూ పోకుండా, చివర గుండ్రంగా తేల్చిన చెయ్యి. గోళ్లకు రంగు వేసుకుని అలవాటున్న చెయ్యి.

జిడ్డు నెమ్మదిగా తలెత్తి ఆమె వేళ్ల వైపు చూశాడు. ఆమె ఇప్పుడు వాటిని ముడుచుకోలేదు. గోళ్ల కొసల్లో, పెరిగిపోగా మిగిలిన ఎరుపు.

ఒక్క మాట చెబితే చాలు, ఆ కుర్రాడు బయటికొస్తాడు. కానీ తెల్లారకముందే తన తలుపు కొట్టింది ఈమే. ఆయన చాంబర్ మీద గుడ్డ కప్పి, బల్ల మీద లేని పానా కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం జిడ్డుగారూ, మాట పడిపోయిందా?" అంటూ ఇన్స్పెక్టరు ఫోను తీశాడు. "స్టేషనా? ఆ కుర్రాడి కేసులో సెక్షను మారుతోంది. హత్య అని రాయండి..."

"రాయొద్దని చెప్పండి."

ఆమె టైరు మీద నుంచి లేచింది. బల్ల దగ్గరికొచ్చి ఆ పేలికను వేలితో సర్దింది, మంచం మీద దుప్పటి సర్దినట్టు.

"ఇది ఆయన దిండు గలీబు. నేనే చింపాను."

ఇన్స్పెక్టరు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాడు.

"వారానికోసారి గలీబు మారుస్తాను కదా. ఆయనది నలిగేదే కాదు. ఉతికింది ఉతికినట్టే ఉండేది. ఎప్పుడైనా ఇంటికొచ్చి పడుకున్నా నిద్రలో కాలు బ్రేకు తొక్కేది. నేను చెప్పాను, వాడు చెప్పాడు, వినలేదు. ఎవరో మేస్త్రి ఇంజన్లో గుడ్డ మర్చిపోతే బండి మూలపడిందని వాడు ఒకసారి నవ్వుతూ చెప్పాడు. బండి మూలపడితే మనిషి ఇంట్లో పడి ఉంటాడు కదా అనుకున్నాను. వాడు నూనె మార్చడం ఎన్నిసార్లు చూశానో. వాడు చేసినట్టే చేశాను. వచ్చిన నూనె వచ్చినట్టే మళ్లీ పోసేశాను. పొద్దున స్టార్టు కాదనుకున్నాను."

ఆమె పేలిక అంచును మళ్లీ సర్దింది.

"స్టార్టయింది బాబాయ్. ఆ రోజూ నడిచింది, మర్నాడూ నడిచింది. గుడ్డ ఎక్కడో ఇరుక్కుపోయింది, ఇక ఏమీ కాదులే అనుకున్నాను. చెబితే కోప్పడతాడని చెప్పలేదు."

ఫోనులో అవతలివాడు హలో హలో అంటున్నాడు. ఇన్స్పెక్టరు దాన్ని పెట్టేశాడు.

"ఇందాకే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు జిడ్డు. "విప్పమనే ముందే."

"నేను ఊరికే చెబితే మరిదిని కాపాడుకోవడానికి చెబుతున్నానంటారు. గుడ్డ మీ కళ్లతో చూస్తే నమ్ముతారని."

ఇన్స్పెక్టరు తన గొడుగు తీసి, తెరిచి, ఆమె మీద పట్టాడు. జీపు వరకు నాలుగడుగులే. మేస్త్రికి ఏం చెయ్యాలో తోచలేదు. నోటికొచ్చిన ఒకే ఒక ప్రశ్న అడిగేశాడు.

"అమ్మా, మరి ఇంజన్ మార్చమంటారా, బాగుచెయ్యమంటారా?"

ఆమె గొడుగు కింద ఆగి, వెనక్కి తిరిగి, గోడ మీద పసుపు గుడ్డల వైపు చూసింది.

"బాగుచెయ్యండి. వాడు బయటికొస్తే బతకడానికి కావాలి. మూత వేసేముందు గుడ్డలు చూసుకోండి."